బెస్సీ స్మిత్ పాట గురించి

శీనూ,

ఈమధ్య ఏం వింటున్నావని అడిగావు కదా. బెస్సీ స్మిత్‌ని వింటున్నానురా, వేరే ఏదీ చెవికెక్కడం లేదు. అమెరికా నల్లవాళ్ల దుఃఖపు పాటల్ని బ్లూస్ అంటారు, అవి పాడిన నల్లజాతి గాయని ఆవిడ.

ముందు 'సెయింట్ లూయిస్ బ్లూస్' విను. 1925 జనవరి రికార్డు. అందులో నీకిష్టమైన హార్మోనియం ఉంది! ఫ్రెడ్ లాంగ్‌షా దాన్ని మెల్లగా, శ్రుతి పట్టినట్టు వాయిస్తుంటాడు. పొద్దు గూకితే చూడలేనంటూ ఆవిడ ఒక్కో పాదం సాగదీసి పాడి ఆగుతుంది. ఆగినచోటల్లా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించే కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యం) జవాబిస్తుంది. అప్పటికింకా మైకు లేదు. పెద్ద కొమ్ములోకి పాడితే ఆ ధ్వని ఊపుకే సూది కదిలి మైనం మీద గీత పడాలి. మన పద్యనాటకాలవాళ్లు మైకు లేకుండా చివరి వరసదాకా వినిపించేవారే, అలాంటి గొంతు.

పుట్టింది టెనెసీలోని చాటనూగాలో. చిన్నప్పుడే అమ్మానాన్నా పోయారు. అన్న ఆండ్రూ గిటార్ వాయిస్తుంటే వీధిలో పాడి చిల్లర పోగేసేది. 1923లో కొలంబియా రికార్డుల కంపెనీకి పాడిన 'డౌన్‌హార్టెడ్ బ్లూస్' లక్షల్లో అమ్ముడైంది. ఆవిడకి మాత్రం పాటకింతని చేతిలో పెట్టారు, రాయల్టీ లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

అయినా దర్జాగా బతికింది. నల్లవాళ్లకి హోటళ్లలో గది ఇవ్వని రోజులవి. సొంతంగా రైలు పెట్టె కొనుక్కుని, బృందాన్నంతా అందులోనే ఊరూరా తిప్పింది! తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది, 1931లో కొలంబియా వదిలేసింది.

1937 సెప్టెంబరులో మిసిసిపీలో కారు ప్రమాదంలో పోయింది. తెల్లవాళ్ల ఆస్పత్రి చేర్చుకోక చనిపోయిందని చాలాకాలం చెప్పుకున్నారు. అది నిజం కాదు, తిన్నగా నల్లవాళ్ల ఆస్పత్రికే తీసుకెళ్లారు. అంత్యక్రియలకి ఫిలడెల్ఫియాలో వేలమంది వచ్చారు. కానీ 33 ఏళ్లు సమాధి మీద పేరున్న రాయి లేదురా! 1970లో దాన్ని పెట్టించింది ఎవరనుకున్నావు? చిన్నతనంలో ఆవిడ ఇంట్లో పనిచేసిన జువానిటా గ్రీన్, గాయని జానిస్ జాప్లిన్ కలిసి డబ్బిచ్చారు. అదే ఏడాది కొలంబియా ఆవిడ పాటలన్నీ మళ్లీ అమ్మకానికి పెట్టడం మొదలుపెట్టింది. రాయికి ముందు వాళ్లే డబ్బివ్వాల్సింది కాదూ?

విని ఎలా ఉందో రాయి. పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రాజు