చిప్‌లకున్న శ్రద్ధ చొక్కాలకేదీ?

అయ్యా,

దేశం ఆధునికం కావాలంటే ఫోన్లు, కంప్యూటర్లలో వాడే చిప్‌ల ఫ్యాక్టరీలే దారి అన్నట్టుంది సర్కారు తీరు. గుజరాత్‌లోని సాణంద్‌లో అమెరికా చిప్‌ల కంపెనీ మైక్రాన్ ప్లాంటు ఖర్చు 275 కోట్ల డాలర్లు. అందులో 70 శాతం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదే! నేరుగా వచ్చే ఉద్యోగాలు మాత్రం 5 వేలని కంపెనీయే చెప్పింది.

మన అచ్యుతాపురం చూడండి. షిఫ్టు వదిలితే బ్రాండిక్స్ దుస్తుల పార్కు నుంచి బస్సుల నిండా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లే. వేలల్లో ఉంటారు. జీతాలు పెద్దవేం కావు, ఆ మాటా చెప్పుకోవాలి. అయినా ఇంటర్ చదివిన అమ్మాయికి ఊరి దగ్గర నెల జీతం ఇంకెక్కడ దొరుకుతుంది?

1956లో రెండో పంచవర్ష ప్రణాళిక కూడా భారీ పరిశ్రమలకే పెద్దపీట వేసింది, చొక్కాల్లాంటి వాటికి కాదు. ఇప్పుడు దుస్తుల ఎగుమతుల్లో బంగ్లాదేశ్ మనకన్నా చాలా ముందుంది. చిప్‌లు వద్దనడం లేదు. ఆ సబ్సిడీలో కొంతైనా దుస్తుల పరిశ్రమలో మహిళల హాస్టళ్లకు, బస్సులకు మళ్లించండి.

– ఒక పాఠకుడు, అనకాపల్లి