స్టెడ్‌ఫాస్ట్‌కు పట్టుదల కాదు, నిలకడ అనాలె

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ల వచ్చే ఇంగ్లీష్ పదాల బాక్స్ నేను రోజు కట్ చేసి మా బిడ్డ నోట్‌బుక్‌ల అతికిస్త, తను గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితున్నది. మొన్న స్టెడ్‌ఫాస్ట్ అనే మాటకు ‘పట్టుదల గల’ అని ఇచ్చిండ్రు, అంతకుముందు టెనాసిటీకి గూడ పట్టుదలే ఇచ్చిండ్రు. మరి రెండిటికి తేడా ఏంది డాడీ, ఇండ్ల ఫాస్ట్ ఉన్నది గద స్పీడుకు ఏమన్న సంబంధమా అని అడిగింది.

మా పోచంపల్లిల ఫాస్ట్ అంటే తెల్వనోళ్లు లేరు. చిటికి కట్టి, అంటే రంగు అంటొద్దన్న కాడ దారం బిగించి, నూలును రంగుల ముంచుతం, చీర కొనేటోళ్లు ముందుగాల అడిగేదే ఇది ఫాస్ట్ కలరేనా అని. అంటే తొందరగ ఎక్కే రంగు అని కాదు, ఎన్నిసార్లు ఉతికినా నూలును విడిచి పోని రంగు. ఇంగ్లీష్‌ల ఆ మాటకు పాత అర్థం అదే, గట్టిగ, కదలకుండ అని. స్పీడు అనేది తర్వాత వచ్చి చేరింది. ఉపవాసాన్ని ఫాస్టింగ్ అనేది గూడ ఇండ్లకెళ్లే, నియమాన్ని గట్టిగ పట్టుకొని ఉంటం గాబట్టి. ఇగ స్టెడ్ అంటే చోటు, ఇన్‌స్టెడ్‌ల ఉన్నది అదే. మన స్థానం, స్థిరం అనే సంస్కృతం మాటలకు, దీనికి మూలం ఒక్కటే, నిలబడుడు. 991ల ఇంగ్లాండ్‌ల మాల్డన్ దగ్గర ఓడల మీద వచ్చి దోచుకునే వైకింగులతోని లడాయి అయితే, దాని మీద రాసిన పాత కవితల గూడ సైనికులు ఇట్లనే నిలబడ్డరని ఇదే మాట ఉన్నది.

టెనాసిటీ వేరు. అది లాటిన్‌ల పట్టుకొనుడు అనే మాట నుంచి వచ్చింది, మన పట్టుదల గూడ పట్టు నుంచే గద, ఉడుంపట్టు అంటం సూడుండ్రి, అది దానికి సరిగ్గ సరిపోతది. స్టెడ్‌ఫాస్ట్‌కు మాత్రం నిలకడ అనాలె, నిలుచుడుల నుంచి పుట్టిన అచ్చ తెలుగు మాట. నిజం నిలకడ మీద తెలుస్తది అని మన పెద్దలు ఊకెనే అనలేదు.

మా నాయిన నలభై ఏండ్లు గుంట మగ్గం మీద కూసున్నడు. మిల్లు చీరల మీద మా డిజైన్లు ప్రింట్ కొట్టి సగం ధరకు అమ్మవట్టినంక వాడకట్టుల చానమంది సూరత్‌కు, భీవండికి పోయిండ్రు, వాళ్లను తప్పు వట్టను, కడుపు నిండాలె గద. ఆయన పోలేదు. ఎవ్వరితోని పంతం లేదు, ఏదో సాధించాలె అని గూడ ఎన్నడు అనలేదు, తెల్లారంగనే గుంతల కాళ్లు పెట్టి కూసునేటోడు, అంతే. దాన్ని పట్టుదల అంటే నాకు మనసు ఒప్పుకోదు, అది నిలకడ. మా బిడ్డకు ఈ ముచ్చట చెప్పినంకనే తేడా సమజైంది.

అందుకే మనవి, ఈ రెండు మాటలు వేరు చేసి అదే బాక్స్‌ల ఇంకోసారి వెయ్యుండ్రి, వీలైతే మాట ఏడికెళ్లి వచ్చిందో ఒక్క లైను గూడ రాయుండ్రి. పాత ముక్క చానమంది పిల్లల నోట్‌బుక్‌లల్ల అతికిచ్చే ఉంటది.

– ఒక చేనేత కార్మికుడు, భూదాన్ పోచంపల్లి