సెపరేట్ ఐపీల విషయంలో ఏం జరిగింది, ఇక మీదట ఏం మారుతుంది – మన హోస్టింగ్ కస్టమర్లకి

అందరికీ నమస్కారం అండి. మన దగ్గర సైటు, మెయిలు పెట్టుకున్న విజయవాడ, గుంటూరు వాళ్ళందరికీ ఇది. పోయిన సోమవారం సాయంత్రం నుంచి సెపరేట్ ఐపీ (ఐపీ అంటే ఇంటర్నెట్‌లో సర్వర్‌ని వెతుక్కునే అడ్రస్ నంబర్) తీసుకున్నవాళ్ళ సైట్లు ఓపెన్ అవ్వలేదు, కొంతమందికి ఆ రాత్రికే వచ్చేశాయి, కొంతమందికి మర్నాడు మధ్యాహ్నం దాకా రాలేదు. ఆ హడావుడిలో ఫోన్లో ఒక్కొక్కళ్ళకి ఒక్కో ముక్క చెప్పాను తప్ప మొత్తం చెప్పే టైమ్ లేదు. ఇప్పుడు చెప్తున్నా, ఎందుకంటే దీని తర్వాత నేనొక నిర్ణయం తీసుకున్నా, దాంతో మీ ప్లాన్లో ఒక లైన్ మారుతుంది.

సర్వర్ డౌన్ అవ్వలేదండి. ఇది ముందే చెప్పాలి. ఆ సాయంత్రం మెయిన్ ఐపీ (సెపరేట్‌గా తీసుకోనివాళ్ళందరికీ కలిపి ఉన్నది) మీద ఉన్న సైట్లన్నీ నడుస్తూనే ఉన్నాయి, బీసెంట్ రోడ్డు బట్టల షాపులవి, లబ్బీపేట క్లినిక్కులవి, అన్నీ. ఆగినవి ఎక్స్‌ట్రా ఐపీల మీద ఉన్నవే, అంటే ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ వాళ్ళవి కొన్ని, గుంటూరు మిర్చి యార్డు కమిషన్ వ్యాపారులవి, కాలేజీల ఫీజు పేజీలు. ఇది తెలియక ఒక వాట్సాప్ గ్రూపులో ఒకాయన "లోకల్ వాళ్ళ దగ్గర పెట్టుకుంటే ఇంతే, సర్వర్ ఇంట్లో మంచం కింద పెట్టుంటాడు" అని రాశాడంట, ఎవరో నాకు స్క్రీన్‌షాట్ పంపారు. సర్వర్ హైదరాబాద్ డేటా సెంటర్లో ఉంది, మొదటి నుంచీ అక్కడే ఉంది. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ అంతా మునిగినప్పుడు కూడా మీ సైట్లు ఒక్క నిమిషం ఆగలేదు, అది గుర్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ మెసేజ్ చదివి నాకు బాధేసింది, అది దాచుకోను.

మరి ఒకే సర్వర్ మీద కొన్ని సైట్లు నడిచి కొన్ని ఎలా ఆగాయి అని చాలామంది అడిగారు. యూనిక్స్ రకం సర్వర్‌కి (లైనక్స్, ఫ్రీబీఎస్‌డీ ఆ కోవవే) ఒకే నెట్‌వర్క్ కార్డు మీద ఎన్ని ఐపీలైనా పెట్టుకోవచ్చు, కొత్త కార్డు కొనాల్సిన పని లేదు, కొత్త కేబుల్ అక్కర్లేదు. పాత లైనక్స్‌లో కార్డు పేరు పక్కన కోలన్ పెట్టి 1, 2 అని ఏలియాస్‌లు, అంటే మారుపేర్లు, రాసేవాళ్ళం, ఇప్పుడు ఒకే కార్డుకి ఒక్కో అడ్రస్ ఒక్కో లైన్లో యాడ్ చేసుకుంటూ పోవడమే. నేను ఈ పని మొదలుపెట్టింది ఫ్రీబీఎస్‌డీ మీద, అందులో కాన్ఫిగ్ ఫైల్లో ఏలియాస్ 0, ఏలియాస్ 1 అని వరసగా ఉండాలి, మధ్యలో ఒక నంబర్ తప్పిపోతే దాని తర్వాతవి లేచేవి కాదు. ఏ సిస్టమ్ అయినా పద్ధతి ఒకటే. మన విజయవాడలో ఒకే ఇంటికి పాత డోర్ నంబరూ కొత్త డోర్ నంబరూ రెండూ ఉంటాయి చూడండి, ఉత్తరం దేని మీద వచ్చినా అదే గుమ్మానికి చేరుతుంది, ఇదీ అంతే. వచ్చిన రిక్వెస్ట్ ఏ ఐపీ మీద వచ్చిందో చూసి సర్వర్ ఆ సైట్ ఇస్తుంది.

కానీ ఐపీ సర్వర్ మీద పెట్టుకోవడం నా చేతిలో పని, ఆ ఐపీకి బయట ప్రపంచం నుంచి దారి ఉండటం నా చేతిలో లేదు. ఆ దారి చూపించేది ఆ అడ్రస్‌ల బ్లాక్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు, లేదా వాళ్ళ తరఫున దాన్ని ఇంటర్నెట్‌లో అనౌన్స్ చేసేవాళ్ళు. మన ఎక్స్‌ట్రా ఐపీలు నేను ఒక సప్లయర్ దగ్గర లీజుకి తీసుకున్నవి. ఎందుకు సొంతంగా తీసుకోలేదు అని అడగొచ్చు. మామూలుగా వాడే ఐపీ రకం ఐపీవీ4, అది 32 బిట్లు, మొత్తం కలిపితే సుమారు 430 కోట్ల అడ్రస్‌లు, ప్రపంచ స్థాయి స్టాకు 2011 ఫిబ్రవరిలోనే పంచేయడం అయిపోయింది, ఆ ఏప్రిల్‌కి మన ఆసియాకి ఐపీలు పంచే రిజిస్ట్రీ కూడా ఆఖరి బ్లాక్‌కి వచ్చేసి రేషన్ పెట్టింది. ఇండియాలో ఐపీలు ఇచ్చే సంస్థ ఐఆర్ఐఎన్ఎన్ దగ్గర మెంబర్‌గా చేరి తీసుకోవచ్చు, కానీ ఇంటర్నెట్‌లో మామూలుగా ఒప్పుకునే చిన్న బ్లాక్ అంటేనే 256 అడ్రస్‌లు, దానికి రౌటింగ్ ఏర్పాట్లు వేరే. నాకు కావాల్సింది వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. నాలాంటి వాళ్ళందరూ లీజుకే తీసుకుంటారు, నేనూ డబ్బు కట్టి, కాగితం రాయించుకుని, టైముకి రెన్యూ చేస్తూ తీసుకున్నా. ఒక్క నెల కూడా లేటు కట్టలేదు.

ఆ సాయంత్రం మొదటి ఫోన్ రాగానే లాగిన్ అయ్యి చూశా. ఐపీలన్నీ కార్డు మీద ఉన్నాయి, సర్వర్ లోపల నుంచి పింగ్ చేస్తే పలుకుతున్నాయి, వెబ్ సర్వర్ నడుస్తోంది, ఫైర్‌వాల్లో ఏమీ మారలేదు. కార్డు దాకా వచ్చే ప్యాకెట్లు (డేటా ముక్కలు) చూపించే టీసీపీడంప్ పెట్టి, నా ఫోన్ డేటా నుంచి ఆగిన సైట్ ఒకటి కొట్టా. ఒక్క ప్యాకెట్ కూడా కార్డు దాకా రాలేదు. అదే మెయిన్ ఐపీకి కొడితే వరద లాగా వస్తున్నాయి. దారి ఎక్కడిదాకా వెళ్తోందో చూపించే ట్రేస్‌రూట్ వేస్తే డేటా సెంటర్ గేటు దాకా కూడా రాకుండా మధ్యలోనే ఆగిపోతోంది. అంటే ఆ బ్లాక్ కి ఇంటర్నెట్‌లో దారే లేదు, ఎవరో అనౌన్స్‌మెంట్ తీసేశారు.

ఇదంతా లాగ్‌లతో సహా సప్లయర్‌కి పంపాను. మొదటి జవాబు ఏంటో తెలుసా అండి, "మీ సర్వర్ ఫైర్‌వాల్ చెక్ చేసుకోండి" అని. ప్యాకెట్ కార్డు దాకా రానప్పుడు ఫైర్‌వాల్ ఏం ఆపుతుంది? మళ్ళీ రాశా. రెండో జవాబు, సర్వర్ రీబూట్ చెయ్యండి. నేను చెయ్యలేదు. అప్పుడు కొంతమందికి నా మీద కోపమొచ్చినా సరే చెయ్యలేదు, ఎందుకంటే మెయిన్ ఐపీ మీద ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్న సైట్లన్నీ ఏ కారణం లేకుండా ఆపేసినట్టు అవుతుంది, అవతలవాళ్ళు టికెట్ క్లోజ్ చేసుకోడానికి నా కస్టమర్లని నేను ఆపను. ఒకరిద్దరు మీరు కూడా "ఒకసారి రీస్టార్ట్ చెయ్యొచ్చుగా" అన్నారు, అప్పుడు గట్టిగా మాట్లాడి ఉంటే కారణం ఇదే. అర్ధరాత్రి దాటాక అసలు సంగతి బయటపడింది. వాళ్ళు ఆ బ్లాక్‌ని ఇంకొకళ్ళ దగ్గర లీజుకి తీసుకుని మనకి తిప్పి ఇచ్చారు, అసలు ఓనరుతో వాళ్ళ ఒప్పందం అయిపోయింది, ఓనరు రూట్ తీసేసుకున్నాడు. మనకి ముందు ఒక్క మెయిల్ లేదు. మన దగ్గర డబ్బు మాత్రం ముందే తీసుకున్నారు.

అప్పుడు వాళ్ళు ఇంకో బ్లాక్ ఇస్తాం, ఇప్పుడే ఇస్తాం, మూడు నెలలు ఫ్రీ అన్నారు. ఇక్కడే నాకు నిద్ర పట్టలేదు. ఒప్పుకుంటే తెల్లారేసరికి అందరి సైట్లు వచ్చేసేవి. కాలేజీవాళ్ళకి ఫీజు ఆఖరి తేదీ దగ్గర్లో ఉంది, యార్డులో పొద్దున్నే లాట్ల రేట్లు పెట్టాలి. ఇంకొకళ్ళయితే తీసుకునేవాళ్ళేమో. నేను ఆ కొత్త ఐపీలు ఒక్కొక్కటీ బ్లాక్‌లిస్టుల్లో చూశా, సగానికి పైగా లిస్టులో ఉన్నాయి, ఎవరో అంతకు ముందు వాటి మీద స్పామ్ పంపుకున్నారు. వాటి మీద నుంచి మీ ఇన్‌వాయిస్ మెయిల్ వెళ్తే అవతలి వాళ్ళ స్పామ్ ఫోల్డర్లో పడుతుంది, లేదా అసలు వెళ్ళదు. సైటు ఒక రాత్రి ఆగితే మీకు తెలుస్తుంది, నన్ను తిడతారు, సరిచేస్తాను. మెయిల్ వెళ్ళకపోతే నెలల తర్వాత పార్టీ "మాకు బిల్లు రాలేదే" అన్నప్పుడు తెలుస్తుంది. అదీకాక ఒకసారి చెప్పాపెట్టకుండా దారి తీసేసిన చేతిలోనే మీ అడ్రస్ మళ్ళీ పెట్టడం నాకు ఇష్టం లేదు. వద్దన్నాను. ఫ్రీ అయినా వద్దన్నాను. ఆ రాత్రి ఎక్కువసేపు ఆగినవాళ్ళకి ఇది కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు, అయినా ఇవాళ అడిగినా అదే చెప్తా.

వెంటనే చేసింది ఏంటంటే, ఆగిన సైట్లన్నీ మెయిన్ ఐపీ మీదకి మార్చాను. డీఎన్ఎస్ (సైట్ పేరుకి ఏ ఐపీయో చెప్పే పట్టిక) మన దగ్గర ఉన్నవాళ్ళవి త్వరగా తిరిగాయి. డొమైన్ వేరేచోట కొనుక్కుని అక్కడే డీఎన్ఎస్ పెట్టుకున్నవాళ్ళకి ఫోన్ చేసి, పాస్‌వర్డ్ వెతికించి, మార్పించేసరికి మధ్యాహ్నం అయ్యింది.

ఇక అసలు నిర్ణయం. వెబ్‌సైట్‌కి సెపరేట్ ఐపీ అనేది ఇక మీదట ప్లాన్లో ఉండదు. పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మీరు చేరినప్పుడు ఎస్ఎస్ఎల్ (బ్రౌజర్లో తాళం గుర్తు వచ్చే భద్రత) కావాలంటే సెపరేట్ ఐపీ తప్పనిసరి అని నేనే చెప్పాను, అప్పట్లో అది నిజం. బ్రౌజర్ ఏ సైట్ కోసం వచ్చిందో సర్టిఫికెట్ చూపించకముందే చెప్పే పద్ధతి, ఎస్ఎన్ఐ, 2003లోనే వచ్చినా విండోస్ ఎక్స్‌పీలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి అది రాదు, మన షాపుల్లో, యార్డుల్లో ఏళ్ళపాటు నడిచింది ఎక్స్‌పీయే. ఇప్పుడు అన్ని బ్రౌజర్లకీ ఎస్ఎన్ఐ వచ్చు, ఒకే ఐపీ మీద ఎన్ని సైట్లకైనా ఎవరి సర్టిఫికెట్ వాళ్ళకి ఉంటుంది. సెపరేట్ ఐపీ ఉంటే గూగుల్లో పైకి వస్తుంది అని కొంతమంది నమ్ముతున్నారు, దానికోసం డబ్బు కట్టొద్దు. ఆ చార్జీ ఈ నెల బిల్లు నుంచి తీసేశాను, ముందే కట్టినవాళ్ళకి మిగతా నెలలది వెనక్కి వేస్తున్నా.

ఐపీ నిజంగా అవసరమైనవాళ్ళు రెండు రకాలు, వాళ్ళకి మాత్రం ఇస్తున్నా, ఈసారి డేటా సెంటర్ వాళ్ళ సొంత బ్లాక్‌లోంచి, మధ్యలో ఎవరూ లేకుండా. రేటు పాతదానికంటే బాగా ఎక్కువ. ఆ తేడా నేను పెట్టుకుంటా, మీ బిల్లు పెరగదు. ఒకటి, బ్యాంకు లేదా పేమెంట్ గేట్‌వే దగ్గర ఐపీ రిజిస్టర్ చేసుకున్నవాళ్ళు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, సర్వర్ మీద ఎన్ని ఐపీలున్నా మన వైపు నుంచి బయటికి వెళ్ళే కనెక్షన్ మామూలుగా మెయిన్ ఐపీతోనే వెళ్తుంది, లోపలికి వచ్చే ఐపీ వేరే అయినా సరే. అందుకని మీ అకౌంట్ నుంచి బయల్దేరే ప్రతి కనెక్షన్ మీ ఐపీతోనే వెళ్ళేలా రూల్ రాశాను, టెస్ట్ కూడా చేశాను. రెండోది మెయిల్. మెయిల్ ఇక నుంచి పూర్తిగా వేరే ఐపీ మీద వెళ్తుంది, మెయిల్ పంపే ప్రోగ్రాం పోస్ట్‌ఫిక్స్‌ని ఆ అడ్రస్‌కే కట్టేశాను, రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పే లైన్) నేనే పెట్టుకునేలా ప్యానెల్ తీసుకున్నా. పాత సప్లయర్‌కి ఆ ఒక్క లైన్ మార్చమంటే వారం పట్టేది.

తెలిసినవాళ్ళ కోసం ఒక్క ముక్క. కొత్త అడ్రస్‌లన్నీ /32గా విడివిడిగా పెట్టాను. లైనక్స్‌లో ఒకే సబ్‌నెట్‌లో చాలా ఐపీలుంటే మొదటిది తీసేస్తే, ప్రమోట్ సెకండరీస్ ఆన్ చేసి లేకపోతే, మిగతావన్నీ దానితో పాటే పోతాయి. విడిగా ఉంటే ఏది తీసినా ఇంకోటి కదలదు. ఇంకా, ప్రతి సైట్‌కీ కొత్త తరం ఐపీ, అంటే ఐపీవీ6, సొంత అడ్రస్ ఇచ్చాను, అవి కొరత లేనివి, డబ్బు తీసుకోను. మీకు సొంత అడ్రస్ ఇస్తానని చేరేటప్పుడు మాటిచ్చాను కాబట్టి ఆ మాట అలా నిలబెట్టుకుంటున్నా.

మీరు చెయ్యాల్సింది తక్కువే. డీఎన్ఎస్ మన దగ్గరే ఉంటే ఏమీ చెయ్యక్కర్లేదు. వేరేచోట ఉంటే "A" రికార్డు (సైట్ ఐపీ రాసే లైన్), ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ పేరు మీద మెయిల్ ఏ ఐపీ నుంచి వెళ్ళొచ్చో చెప్పే లైన్) రెండూ మార్చాలి, రాయాల్సిన లైన్లు మీ మెయిల్‌కి పంపాను, అర్థం కాకపోతే ఫోన్ చెయ్యండి, పక్కనే ఉండి చేయిస్తా, గవర్నర్‌పేట, ఆటోనగర్ వాళ్ళయితే నేనే వస్తా. పేమెంట్ గేట్‌వే వాళ్ళు కొత్త ఐపీని బ్యాంకుకి లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వాలి, లెటర్ నమూనా నా దగ్గరుంది. కోచింగ్ సెంటర్ల వాళ్ళు దయచేసి ఈ రెండు మూడు వారాలు ఫీజు రిమైండర్లు అందరికీ ఒకేసారి కొట్టకండి, మెయిల్ ఐపీ కొత్తది, ఒక్కసారిగా వేలల్లో వెళ్తే జీమెయిల్ లాంటివాళ్ళు అనుమానిస్తారు, రోజుకి కొంచెం కొంచెంగా నేనే క్యూలో పెట్టి పంపిస్తా, లిస్టు ముందు రోజు ఇస్తే చాలు.

పాత ఐపీలు నెలాఖరు రాత్రి సర్వర్ మీంచి తీసేస్తున్నా. ఆ లోపల మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎక్కడైనా, బిల్లింగ్ ప్రోగ్రాంలో కానీ ట్యాలీ సింక్‌లో కానీ, పాత నంబర్ నేరుగా రాసేసి ఉంటే వెతికించి నాకు చెప్పండి.