స్టీరింగ్ బిగుసుకుంటే ముందు ఎర్త్ చూడండి

సంపాదకుల వారికి,

నమస్కారం. వానలు మొదలయ్యాక కార్ల డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్ బొమ్మ దీపం వెలగడం, ఉన్నట్టుండి స్టీరింగ్ బండబారిపోవడం ఎక్కువవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే స్కానర్ తగిలించి, ‘టార్క్ సెన్సర్ కోడ్ వచ్చింది, కాలమ్ మార్చాలి’ అనేస్తున్నారు. కోడ్ అంటే బండిలోని కంప్యూటరు రాసుకున్న లోపం నంబరు, కాలమ్ అంటే స్టీరింగ్ కింద కడ్డీ ఉండే భాగం. చాలా బళ్లకు ఆ సెన్సర్ విడిగా దొరకదు. దాంతో కాలమ్ అసెంబ్లీ మొత్తం వేయాల్సి వస్తుంది, బిల్లు వేలల్లో పలుకుతుంది. కొత్తది వేసిన నెలకే దీపం మళ్లీ వెలిగిందంటే తప్పు చాలావరకు పాత కాలమ్‌ది కాదు. దానికి కరెంటు మోసుకొచ్చే తీగలోనో, ఎర్త్‌లోనో, అంటే కరెంటు బాడీ రేకు మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారిలోనో ఉండవచ్చు. పావుగంట కొలిస్తే బయటపడే లోపాన్ని కొలవకుండా వదిలేస్తున్నారన్నదే మా అభ్యంతరం. వాహనదారులకూ, తోటి మెకానిక్కులకూ పనికొస్తుందని ఈ లేఖ రాస్తున్నాం.

1988లో జపాన్‌లో సుజుకీ సెర్వోతో మొదలైన ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఇప్పుడు మన దగ్గర దాదాపు ప్రతి చిన్న కారులోనూ ఉంది. స్టీరింగ్ కడ్డీ మధ్యలో మెలి తిరిగే సన్నని ఇరుసు ఒకటి ఉంటుంది. మనం స్టీరింగ్ తిప్పినప్పుడు అది ఎంత మెలి పడిందో టార్క్ సెన్సర్ చెబుతుంది. బండి వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుని మాడ్యూలు, అంటే స్టీరింగ్‌కు సాయం చేయించే చిన్న కంప్యూటరు, మోటారుకు కరెంటు పంపుతుంది. పార్కింగులో బాగా సాయం, హైవే మీద కొద్దిగా. సాయం ఆగిపోయినా స్టీరింగ్‌కూ చక్రాలకూ ఉన్న ఇనుప లంకె అలాగే ఉంటుంది. కాబట్టి నడుస్తుండగా బిగుసుకుంటే కంగారుపడకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి పక్కకు తీయవచ్చు.

అసలు కిటుకు కరెంటు మోతాదులో ఉంది. నిలబడిన చిన్న కారు చక్రాలను సిమెంటు నేల మీద తిప్పితే మోటారు 30, 40 ఆంపియర్లు లాగుతుంది. ఎర్త్ బోల్టు కింద తుప్పు వల్ల 0.05 ఓమ్ అడ్డు వచ్చిందనుకోండి. 40 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే పోతాయి. 80 వాట్ల వేడి ఆ బోల్టు దగ్గరే పుడుతుంది. మాడ్యూలుకు చేరే వోల్టేజీ పడిపోతుంది, అది తనను తాను కాపాడుకోవడానికి మోటారును ఆపేస్తుంది. స్టీరింగ్ వదిలేయగానే కరెంటు తగ్గి వోల్టేజీ మళ్లీ లేస్తుంది. బండి షెడ్డుకు చేరేసరికి అంతా బాగానే ఉంటుంది.

ఈ 0.05 ఓమ్‌ను మామూలు మల్టీమీటరు ఓమ్స్‌లో పట్టుకోలేదు. మీటరు తీగల చివరి మొనలు, అంటే రెండు ప్రోబులు, ఒకదానికొకటి ఆనించినా అది 0.2, 0.3 చూపిస్తుంది. తీగ తెగలేదంటే మీటరు మోగే బీప్ పరీక్షను అసలు నమ్మకూడదు. ఇరవై పోగుల తీగలో పంతొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మీటరు బీప్ అంటుంది. మాట పలుకుతోంది కదా అని మనిషి మూట మోస్తాడని నమ్మినట్టే అది. తీగను పరీక్షించాలంటే దానిలోంచి కరెంటు పారుతుండగానే చూడాలి.

మొదట బ్యాటరీ. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5. ఏసీ, హెడ్‌లైట్లు వేసి స్టీరింగ్ తిప్పినప్పుడు ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేస్తే పరవాలేదు. 12కు దిగువన జారి అక్కడే ఉండిపోతే స్టీరింగ్‌ను వదిలేసి బ్యాటరీ, డైనమో చూడాలి. మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే డైనమో డయోడ్ పోయిందన్న అనుమానం గట్టిదే. డబ్బు కలిసొస్తుందని తక్కువ ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే తక్కువ సామర్థ్యం) బ్యాటరీ వేయించుకున్న బళ్లలో ఈ తంటా ఎక్కువ.

ఆ తర్వాత వోల్టేజీ డ్రాప్ కొలత, అంటే దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడటం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాల కింద అడ్డం పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేయండి. మీటరు డీసీ వోల్టుల్లో ఉండాలి. నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ పోలు మీదే ఆనించాలి, క్లాంపు మీద కాదు. ఎర్ర ప్రోబు మాడ్యూలు లావుపాటి ఎర్త్ తీగ కప్లర్‌లోకి (తీగలను కలిపే ప్లాస్టిక్ జోడీలోకి) వెళ్లేచోట, కప్లర్ ఊడదీయకుండా వెనకనుంచి సన్నని సూదితో తగిలించాలి. ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పుతుండగా ఇంకొకరు మీటరు చూడాలి. 0.2 వోల్టులలోపు వస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ఎర్ర ప్రోబును మెట్టు మెట్టుగా వెనక్కి జరుపుతూ రండి: కప్లర్ నుంచి ఎర్త్ బోల్టుకు, బోల్టు నుంచి పక్కనున్న బాడీ రేకుకు, రేకు నుంచి బ్యాటరీ క్లాంపుకు. ఏ మెట్టులో అంకె ఒక్కసారిగా పడిపోయిందో లోపం ఆ రెండు చోట్ల మధ్యే ఉంది. ఎక్కువసార్లు అది డ్రైవరు కాళ్ల దగ్గర, పక్క ప్యానెల్ వెనక ఉన్న ఎర్త్ బోల్టే. దాన్ని విప్పి, కింద రంగు, తుప్పు గీకి, మెరిసే రేకు మీద బిగించి, పైన గ్రీజు రాస్తే పని అయిపోతుంది.

ప్లస్ వైపూ ఇదే పద్ధతి. బ్యాటరీ ప్లస్ పోలు నుంచి మాడ్యూలుకు కరెంటు తెచ్చే లావుపాటి ఫీడు తీగ దాకా కొలవాలి. ఆ దారిలో మెయిన్ ఫ్యూజు ఉంటుంది. కొన్ని బళ్లలో దీన్ని స్క్రూలతో బిగిస్తారు. ఆ స్క్రూ వదులైతే ఫ్యూజు చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారుతుంది. అది కనిపిస్తే స్కానర్ తీసి పక్కన పెట్టండి. ఒక మాట: ఫ్యూజు మళ్లీ మళ్లీ కొడుతోందని పెద్ద ఆంపియర్లది వేసేవాళ్లున్నారు. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, తీగ.

ఇదంతా ఇక్కడి మెకానిక్కుల మాట మాత్రమే అనుకోవద్దు. 2018 సెప్టెంబరులో అమెరికాలో జనరల్ మోటార్స్ పది లక్షలకు పైగా పికప్‌లను, ఎస్‌యూవీలను వెనక్కి పిలిచింది. తక్కువ వేగంలో తిప్పేటప్పుడు వోల్టేజీ పడిపోయి స్టీరింగ్ సాయం ఆగి, మళ్లీ ఒక్కసారిగా తిరిగి రావడమే అక్కడి సమస్య. స్టీరింగులు మార్చలేదు, మాడ్యూలు సాఫ్ట్‌వేర్ మార్చారు.

ఇక కోడ్ సంగతి. కోడ్ చెప్పేది సర్క్యూట్ పేరు, పోయిన పార్టు పేరు కాదు. టార్క్ సెన్సర్ సర్క్యూట్ అంటే సెన్సర్, దాని తీగలు, కప్లర్, మాడ్యూలు ఇచ్చే 5 వోల్టులు, ఎర్త్, అన్నీ. చాలా బళ్లలో మాడ్యూలుకు రెండు ఫీడులుంటాయి. ఒకటి బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే లావు తీగ, రెండోది తాళం తిప్పితే వచ్చే సన్న తీగ. సన్న తీగ పోతే మాడ్యూలు నిద్రలేవదు, స్కానర్‌తో మాట్లాడదు. మిగతా మాడ్యూళ్లు ‘స్టీరింగ్ పలకడం లేదు’ అని యు0131 కోడ్ రాసుకుంటాయి. లావు తీగ పోతే మాడ్యూలు మాట్లాడుతూనే వోల్టేజీ తక్కువని ఫిర్యాదు చేస్తుంది. కాబట్టి ‘స్కానర్‌కు దొరకడం లేదు, మాడ్యూలు పోయింది’ అని తీర్పు చెప్పే ముందు సన్న తీగ ఫ్యూజు ఒకటి చూడాలి. సెల్‌ఫోన్‌కు తగిలించే చవక బ్లూటూత్ పరికరాలు సాధారణంగా ఇంజిన్ కోడ్లే చదువుతాయి. వాటిలో కోడ్ లేకపోతే స్టీరింగ్ బాగున్నట్టు కాదు.

సెన్సర్ నిజంగా పోయిందో లేదో తేల్చడం కష్టమేమీ కాదు. అనలాగ్ రకంలో సాధారణంగా మెయిన్, సబ్ అని రెండు సిగ్నళ్లు వస్తాయి. స్టీరింగ్ వదిలేస్తే రెండూ సుమారు 2.5 వోల్టులు. కుడికి తిప్పితే ఒకటి పెరుగుతుంది, రెండోది అంతే తగ్గుతుంది, రెండూ కలిపితే ఎప్పుడూ 5కు దగ్గర. రెండూ ఒకేసారి సున్నాకు పడితే సెన్సర్‌ను అనుమానించకండి, 5 వోల్టుల తీగ వైపు వెతకండి. ఒక్కటే పోతే ఆ తీగ, కప్లర్ చూసి, అవి బాగుంటే అప్పుడు సెన్సర్. మెల్లగా తిప్పుతుంటే అంకె గంతులేస్తే లోపం సెన్సర్ లోపలే కావచ్చు. కొత్త బళ్లలో ఈ సిగ్నల్ డిజిటల్‌గా వస్తుంది. అక్కడ మీటరు పనికిరాదు, స్కానర్ తెర మీద అప్పటికప్పుడు కనిపించే అంకెల్లో, అంటే లైవ్ డేటాలో చూడాల్సిందే.

ఏబీఎస్ దీపం, స్టీరింగ్ దీపం జంటగా వెలిగితే ముందు చక్రాల దగ్గరి స్పీడ్ సెన్సర్లను చూడండి. వేగం తెలియకపోతే స్టీరింగ్ మాడ్యూలుకు ఎంత సాయం చేయాలో తెలియదు. మాడ్యూళ్ల మధ్య మాటలు తెగిపోయాయనిపిస్తే బ్యాటరీ విప్పి, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలవండి. ఆ లైను నేరుగా సాకెట్‌కు వచ్చే బళ్లలో 60 ఓమ్‌ల దగ్గర రావాలి. 120 వస్తే లైను ఒకవైపు తెగింది, సున్నాకు దగ్గరైతే షార్ట్.

వానాకాలంలో మాత్రం చేతికి పని చెప్పాల్సింది కప్లర్ల దగ్గరే. వైపర్ల కింద నీళ్లు పోయే రంధ్రాలు ఆకులతో పూడుకుపోతే నీరు క్యాబిన్‌లోకి దిగుతుంది. ముందు కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడండి. కప్లర్ విప్పినప్పుడు పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టాలి, మరీ తినేస్తే పిన్ను మార్చాలి. గరుకు కాగితం పెట్టి రుద్దితే పైపూత పోయి, మరో వానకే చిలుము తిరిగొస్తుంది. ఇంకో తప్పు మా వాళ్లే చేస్తారు. మీటరు లావు ప్రోబును కప్లర్ ఆడ పిన్నులోకి గుచ్చుతారు. పిన్ను వెడల్పవుతుంది, మగ పిన్ను వదులుగా కూర్చుంటుంది. ఉన్న లోపం వెతకబోయి కొత్తది పెట్టినట్టే. కాలమ్ పైకీ కిందికీ జరిగే టిల్ట్ బళ్లలో తీగలు ఒకేచోట మడతపడి లోపల తెగుతాయి, పైన ఇన్సులేషన్ చెక్కుచెదరదు. ఇంజిన్ నడుస్తుండగా టిల్ట్‌ను పైకీ కిందికీ జరుపుతూ దీపం, లైవ్ డేటా చూడండి. ఆగిన బండిలోనే చేయాలి సుమా. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి, వాటిలో ప్రోబు పెట్టవద్దు. కాలమ్ విప్పాలంటే బ్యాటరీ మైనస్ తీసి, బండి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి.

లోపం కానివి కూడా ఉన్నాయి. ఇరుకు సందులో అటూ ఇటూ పదేపదే చివరిదాకా తిప్పితే మోటారు వేడెక్కుతుంది, మాడ్యూలు కరెంటు తగ్గిస్తుంది, కాసేపు ఆగితే మామూలవుతుంది. బ్యాటరీ మార్చాక దీపం వెలిగితే కొన్ని బళ్లలో స్టీరింగ్‌ను రెండు చివరలకూ తిప్పి కొంతదూరం నేరుగా నడిపితే ఆరిపోతుంది. కాలమ్ మార్చాక బండి ఒకవైపు లాగుతుంటే సెన్సర్ సున్నా సెట్ చేయలేదేమో అడగండి. అంతకుముందు టైర్ల గాలి, అలైన్‌మెంటు చూడాలనుకోండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఎన్నో బళ్లు మునిగాయి. మునిగిన బళ్లు కడిగి, పాలిష్ పట్టి సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతుంటాయి. కొనేవాళ్లు ఒక్కటి చూడండి. తాళం తిప్పగానే స్టీరింగ్ దీపం వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరాలి. అసలు వెలగకపోతే దీపాన్ని పీకేసి ఉండవచ్చు. డ్రైవరు కాళ్ల దగ్గర ప్యానెల్ తీయించి ఎర్త్ బోల్టు, కప్లర్ల లోపల బురద గీత ఉందేమో చూడండి. సీట్లు మార్చినవాళ్లు అక్కడిదాకా రారు.

ఇక రెండు విన్నపాలు. ఐటీఐల్లో మెకానిక్ మోటార్ వెహికిల్ ట్రేడు రెండేళ్లు చెబుతారు. అందులో లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా, వోల్టేజీ డ్రాప్ కొలవడం ప్రతి విద్యార్థి చేత పాడైన తీగ మీద చేయించాలి. దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, పాత 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు, రెండు క్లిప్పులు చాలు. బల్బు సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. ఒక్క పోగు మిగిలిన తీగకు దాన్ని తగిలిస్తే బల్బు మసకబారుతుంది, బీప్ మాత్రం మోగుతూనే ఉంటుంది. అది ఒక్కసారి చూసిన కుర్రాడు మర్చిపోడు.

రెండోది వాహనదారులకు. కాలమ్ మార్చాలన్నప్పుడు జాబ్ కార్డు మీద ఇవి రాయించుకోండి: కోడ్ నంబరు, అది ఇప్పటిదా పాతదా, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వోల్టేజీ, స్టీరింగ్ తిప్పుతుండగా ఎర్త్ వైపు డ్రాప్, ప్లస్ వైపు డ్రాప్, సెన్సర్ రెండు సిగ్నళ్ల వోల్టేజీ. కోడ్ డిలీట్ చేయకముందే స్కానర్ తెరకు ఫోనుతో ఫోటో తీసుకోండి. తీసేసిన పాత కాలమ్ అడిగి తెచ్చుకోండి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు ఆ కాగితం, ఆ ఫోటో, ఆ కాలమ్ చేతిలో ఉంటాయి.

ఇట్లు,
కొందరు ఆటో ఎలక్ట్రీషియన్లు,
ఆటోనగర్, విజయవాడ