మావా, ఆ రిపోర్టు ముందు నుంచి చదువు

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం చేరింది. ఎంత కోపంగా రాశావో నీ అక్షరాలే చెబుతున్నాయి. మీ కాలనీ వెనకున్న మిల్లు స్థలంలో మాలు, ఆఫీసు టవర్లు, ఫ్లాట్లు, హోటలు అన్నీ ఒకేచోట వస్తున్నాయని రాశావు. ఎలాగో దాని ఈఐఏ రిపోర్టు, అదే పర్యావరణం మీద ప్రభావం అంచనా వేసే రిపోర్టు, సంపాదించి చివరి అధ్యాయం తీస్తే "ప్రతికూల ప్రభావం స్వల్పం" అని కనబడిందట. "ఇంకా చదివేదేముంది, అందరూ కుమ్మక్కే" అని తేల్చేశావు.

అంత తొందరెందుకురా? చివరి అధ్యాయం ఏ రిపోర్టులో అయినా అదే పాట పాడుతుంది. కట్టేవాడు డబ్బిచ్చి రాయించుకునే రిపోర్టు అది. మన చట్టం పెట్టిన పద్ధతే అంత. అలాగని లోపలివన్నీ దొంగలెక్కలని అనుకోకు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కదా, కూడికలు తీసివేతలు చాలావరకు సరిగ్గానే ఉంటాయి. అసలు ఆట కూడిక మొదలెట్టకముందే అయిపోతుంది. ఎంత కడతామన్నారు, ఎన్నేళ్లలో కడతామన్నారు, దేనితో పోల్చి "స్వల్పం" అన్నారు? ఇవి మొదటి అధ్యాయాల్లో ఉంటాయి. అవి విసుగ్గా ఉంటాయని అందరూ దాటేస్తారు. నువ్వు మాత్రం అక్కడే కూర్చో.

ముందు ఎంత కడుతున్నారో చూడు. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు దాటితే భవనానికి పర్యావరణ అనుమతి తీసుకోవాలి. 1,50,000 దాటితేనో, స్థలం 50 హెక్టార్లు ఉంటేనో టౌన్‌షిప్ లెక్కలోకి పోతుంది, అప్పుడు పూర్తి ఈఐఏ నివేదిక చేయాలి. బ్రోచర్లలో అంతా చదరపు అడుగులే ఉంటాయి గనక గుర్తుపెట్టుకో, లక్షా యాభై వేల మీటర్లంటే దాదాపు పదహారు లక్షల అడుగులు. ఏ ప్రాజెక్టయినా లక్షా నలభై తొమ్మిది వేల దగ్గర ఆగినట్టు కనబడితే పక్క సర్వే నంబరులో ఏం వస్తోందో కనుక్కో. ఒకే ప్రాజెక్టును ముక్కలు చేసి చూపడం పాత విద్యే. మీవాళ్లు పూర్తి నివేదికే వేశారంటే కనీసం ఆ పని చేయలేదన్నమాట, అందుకు ఒక మార్కు వేద్దాం.

ఇంకో మెలిక సెల్లార్లది. మునిసిపాలిటీవాళ్ల ఎఫ్ఎస్ఐ లెక్కలో, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్కలో, సెల్లారు, పార్కింగ్ అంతస్తులు చాలాచోట్ల రావు. పర్యావరణ అనుమతికి మాత్రం బేస్‌మెంట్‌తో సహా అన్ని అంతస్తులూ కలిపే కొలవాలని 2011లో నోటిఫికేషన్‌లోనే స్పష్టంగా రాశారు. పూణేలో ఒక బిల్డరు 57 వేల చిల్లర చదరపు మీటర్లకు అనుమతి తీసుకుని లక్ష దాటించాడు, అది వేరే లెక్క ఇది వేరే లెక్క అని వాదించాడు. సుప్రీంకోర్టు 2018 ఆగస్టులో ఆ వాదనను కొట్టేసి 100 కోట్లు గానీ ప్రాజెక్టు ఖర్చులో పది శాతం గానీ, ఏది ఎక్కువైతే అది కట్టమంది. అందుకని సెల్లార్లు ఎన్ని ఉన్నాయో, మొత్తంలో కలిపారో లేదో నువ్వే ఒకసారి కూడుకుని చూడు.

ఇక కాలం సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టు.

న్యూయార్క్‌లో, బ్రూక్లిన్‌లో, అట్లాంటిక్ యార్డ్స్ అని ఒక ప్రాజెక్టు ఉంది. తర్వాత పసిఫిక్ పార్క్ అని పేరు మార్చారులే. 22 ఎకరాల స్థలం, అందులో కొంత మేర రైలు యార్డు. బాస్కెట్‌బాల్ అరీనా ఒకటి, దాంతో పాటు పదహారు టవర్లు. 2003లో ప్రకటించారు. 2006 నవంబర్‌కల్లా పర్యావరణ నివేదిక పూర్తయింది, డిసెంబర్‌లో ఆమోదం వచ్చేసింది. నివేదికలో ట్రాఫిక్, చప్పుడు, దుమ్ము, నీడలు దేన్నీ వదల్లేదు. కానీ ఆ లెక్కలన్నీ పదేళ్లలో, అంటే 2016కల్లా, పని ముగుస్తుందన్న ఊహ మీద నిలబడ్డాయి.

2009లో ఒప్పందాలు మారాయి. రైలు యార్డు హక్కుల సొమ్ము ఏళ్ల తరబడి వాయిదాల్లో కట్టుకోవచ్చన్నారు. ప్రభుత్వ సంస్థతో చేసుకున్న ఒప్పందంలో మొత్తం పని ముగించడానికి 25 ఏళ్ల గడువిచ్చారు. పర్యావరణ విశ్లేషణలో మాత్రం ఆ పదేళ్లు పదేళ్లుగానే ఉండిపోయాయి. స్థానికులు కోర్టుకెక్కారు. అధికారుల వాదన వింటే నీకూ నిజమే కదా అనిపిస్తుంది: పదేళ్లలో గబగబా కడితే వచ్చే దుమ్మూ లారీలూ మేం లెక్కేశాం, నిదానంగా కడితే ఏ రోజుకారోజు అంతకంటే తక్కువే వస్తాయి, ఇక కొత్తగా చూసేదేముంది? కానీ ఇంటి ఎదురుగా పాతికేళ్లు కంచె, ఖాళీ జాగా, పార్కింగ్, లారీల మకాం ఉండిపోతే ఆ వీధి ఏమవుతుందన్నది రోజువారీ డెసిబెల్స్‌లో కనబడదు కదా. 2011 జూలైలో న్యాయమూర్తి రెండో దశకు అనుబంధ నివేదిక చేయాలని ఆదేశించారు. 2012లో పై కోర్టు దాన్ని సమర్థించింది. ఆ అనుబంధ నివేదిక 2014లో వచ్చింది. ఈలోగా 2012 సెప్టెంబర్‌లోనే అరీనా తెరిచేశారు, ఆటలు మొదలైపోయాయి. గెలుపంటే గెలుపే, ఏం చేసుకోవాలో నువ్వే చెప్పు.

అందుకే చెబుతున్నాను, దశల పట్టిక తియ్యి. మొదటి దశ ఎప్పుడు, చివరి దశ ఎప్పుడు, మధ్యలో ఖాళీగా ఉండే స్థలంలో ఏముంటుంది? రెండో దశ సెల్లారుకు రాయి పేల్చేటప్పుడు మొదటి టవరులో జనం కాపురాలు పెట్టేసి ఉంటారు. వాళ్లకు ఎంత చప్పుడు వినబడుతుందో రిపోర్టులో లెక్కేశారా? చాలా రిపోర్టుల్లో వాళ్లు ఎవరికీ చెందరు. చుట్టుపక్కల జనం అంటే నీలాంటి వాళ్లు, వాళ్లేమో "ప్రాజెక్టు లోపలివాళ్లు". నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద నియమాలు చెప్పేది వాళ్లకు కూడా వర్తిస్తుంది. ఇంకో మాట, ఆ ఫ్లాట్లు కొనేవాళ్లను శత్రువులుగా చూడకు. పదేళ్ల దుమ్ము మింగేది నీతోపాటు వాళ్లే, రేపు నీ పక్కన నిలబడేదీ వాళ్లే.

దేనితో పోల్చారన్నది ఇంకో కథ. ఇప్పటి గాలి, నీరు, చప్పుడు ఎలా ఉన్నాయో ముందు కొలవాలి కదా. వానాకాలం కాకుండా ఒక్క సీజన్ కొలిస్తే చాలని నిబంధన. గాలి విషయంలో అది న్యాయమే, వానలకు దుమ్ము అణిగిపోయి గాలి ఉన్నదానికంటే శుభ్రంగా కనబడుతుంది. కానీ నీళ్లు ఎటు పారతాయో వానాకాలంలో కాక ఎండాకాలంలో ఎలా తెలుస్తుంది? మీ మిల్లు స్థలంలో వానకు నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఏ గోడ పక్కగా మురిక్కాలవలోకి దిగుతాయో ఆ రిపోర్టు రాసినవాళ్లకంటే నీకే బాగా తెలుసు. పాత ఫోటోలుంటే తీసి తేదీలు వెనక రాసిపెట్టు. ఆరువందల పేజీల్లో లేని సాక్ష్యం అది.

ట్రాఫిక్ అధ్యాయం దగ్గర నువ్వు తప్పకుండా తిట్టుకుంటావు. తిట్టే ముందు ఒక్క విషయం తెలుసుకో. ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు కలిసున్నచోట కొన్ని ప్రయాణాలు గేటు దాటవు. లిఫ్టు దిగి కూరగాయలు కొనుక్కుని లిఫ్టు ఎక్కేస్తారు. అందుకని రోడ్డు మీదికి వచ్చే బండ్ల లెక్కలోంచి కొంత శాతం కోసేస్తారు. సూత్రం తప్పు కాదు, అమెరికాలో దీని మీద 2011లో పెద్ద అధ్యయన నివేదికే వచ్చింది. కానీ ఎంత కోశారు, ఎందుకంత కోశారు? అక్కడి ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు అక్కడి ఫ్లాట్లు కొనే స్తోమత ఉండాలి కదా. పైగా దశల పట్టికలో మాలు ముందు, ఇళ్లు తర్వాత అని ఉంటే, ఇళ్లే లేనప్పుడు లోపలి ప్రయాణాలు ఎక్కడివి? పార్కింగ్ లెక్కలో కూడా ఇదే కథ. పగలు ఆఫీసువాళ్లు, సాయంత్రం మాలుకొచ్చేవాళ్లు ఒకే జాగా వాడుకుంటారని తగ్గించి చూపుతారు. మరి శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఇద్దరూ అక్కడే ఉంటారు.

ఆ అధ్యాయంలోనే కూడళ్లకు ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడులు వేసి ఉంటాయి, బండ్లు ఎంతసేపు ఆగాలో దాన్ని బట్టి. ఎఫ్ అంటే అన్నిటికంటే అధ్వానం. మీ కూడలి ఇప్పటికే ఎఫ్ అయితే ఇంకో వెయ్యి కార్లు చేర్చినా ఎఫే. "సేవా స్థాయిలో మార్పు లేదు" అని నిక్షేపంగా రాసేస్తారు. కాబట్టి అక్షరం వదిలేసి పక్క కాలమ్‌లో వాహనాల సంఖ్యకూ రోడ్డు సామర్థ్యానికీ ఉన్న నిష్పత్తి చూడు. కాలిఫోర్నియాలో 2013లో చట్టం తెచ్చి, 2020 జూలై నుంచి పర్యావరణ సమీక్షలో ఈ ఆలస్యం లెక్కే తీసేశారు. బదులుగా జనం మొత్తం మీద ఎన్ని మైళ్లు బండి నడపాల్సి వస్తుందో చూస్తున్నారు. నాకు అదే సరైనదనిపిస్తుంది. పాత లెక్కలో ఊరి నడుమ కట్టేది ఎప్పుడూ దోషి, ఊరవతల పొలాల్లో కట్టేది పుణ్యాత్ముడు. కోపం తెచ్చుకోకు గానీ, రైలు స్టేషన్ పక్కన, పాత మిల్లు స్థలంలో పదిమంది ఉండేలా కట్టడం చెడ్డ ఆలోచన కాదు. ఆ ఇళ్లే పాతిక కిలోమీటర్ల అవతల చెరువు గట్టున వస్తే నీకు కనబడవు, అంతే తేడా.

నీళ్ల పట్టిక సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. మురుగు శుద్ధి చేసి ఫ్లష్‌లకు, ఏసీ కూలింగ్ టవర్లకు, తోటకు వాడతామంటారు. వానాకాలంలో తోటకు నీళ్లక్కర్లేదు, మరి ఆ మిగులు ఎటు పోతుందో వానాకాలం పట్టికలో వెతుకు. చెట్ల లెక్కలో పోడియం మీద, స్లాబు పైన మట్టి పోసి నాటేవి ఎన్ని, నేలలో పాతుకునేవి ఎన్ని అని విడదీసి చూడు. స్థలమంతా కింద సెల్లారే అయితే ఇంకుడు గుంతలు ఎక్కడ తవ్వుతారో కూడా అడుగు. నీడల గురించి మన రిపోర్టుల్లో ఒక పేరా దొరికితే గొప్ప. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1984లో జనం ఓటేసి, 40 అడుగులు దాటిన భవనం పార్కు మీద నీడ వేస్తే అనుమతికి ముందు పరీక్ష తప్పదని పెట్టుకున్నారు. మీ కాలనీ పిల్లల మైదానం ఆ టవర్లకు ఏ దిక్కున ఉందో రాయి.

ఇక నువ్వడిగిన ప్రజాభిప్రాయ సేకరణ. లేదురా, ఉండదు. గనికీ ఫ్యాక్టరీకీ ఉంటుంది గానీ భవనాలు, టౌన్‌షిప్‌లు అన్నీ ఆ నోటిఫికేషన్‌లోనే దాన్నుంచి మినహాయింపు పొందాయి. ఊళ్లో ఎక్కువమందిని తాకే కట్టడాల గురించే ఊరివాళ్లను అడగనక్కర్లేదనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. అనుమతి దరఖాస్తులు పరిశీలించే నిపుణుల కమిటీ ఎజెండా, మినిట్స్ పర్యావరణ శాఖవాళ్ల పరివేశ్ పోర్టల్‌లో పెడతారు. మీటింగు ముందే కాలనీ సంఘం తరఫున ఉత్తరం పంపండి. "ఆపండి" అని రాస్తే పక్కన పడేస్తారు. "ఫలానా పేజీ పట్టికలో మూడో సెల్లారు కలపలేదు, ఫలానా దశలో చప్పుడు లెక్కెయ్యలేదు" అని రాస్తే ఎవరో ఒకరు ఆ పేజీ తిప్పక తప్పదు.

అనుమతి వచ్చేస్తే పత్రికల్లో ప్రకటన వేయాలి, దాని మీద కన్నేసి ఉంచు. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు, సరైన కారణం చూపితే ఇంకో 60. ఆ తర్వాత ఎంత బలమైన కేసైనా తీసుకోరు. అనుమతి పత్రంలో షరతుల జాబితా ఉంటుంది, దాని జిరాక్సు దగ్గర పెట్టుకో. వాటిని ఎలా పాటిస్తున్నారో ప్రతి ఏడూ జూన్ 1నా, డిసెంబర్ 1నా కట్టేవాళ్లు నివేదిక ఇవ్వాలి. ఆ కాగితంలో "పాటిస్తున్నాం" అన్నదానికీ నీ మేడ మీంచి కనబడేదానికీ తేడా ఉంటే, అప్పుడు కుమ్మక్కు అని తిట్టక్కర్లేదు, వాళ్ల మాటే వాళ్ల ముందు పెట్టొచ్చు.

ముందు నాకు దశల పట్టిక, విస్తీర్ణం పట్టిక, వానాకాలం నీళ్ల పట్టిక ఫోటోలు తీసి పంపు. మూత్రం రంగు ఇంకు పెన్నుతో గీతలు గీశావు చూడు, అవి లేకుండా పంపు, అంకెలు కనబడాలి. కమిటీ మీటింగు తేదీ ఎప్పుడో చూసి రాస్తే ఉత్తరం చిత్తుప్రతి నేను రాసిస్తాను, సంతకాలు మాత్రం నువ్వే తిరిగి పెట్టించాలి.

వదినకు నమస్కారాలు చెప్పు.

నీ
పాత బెంచీ నేస్తం