స్టీరింగ్ వంకరైతే వెనక యాక్సిల్ కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మన నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఈ మధ్య బండ్ల ఎత్తు పెంచుకోవడం బాగా ఎక్కువైంది. ఊరికే ఎవరూ చేయించుకోవట్లేదు లెండి. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, అవీ ఒక్కొక్కటి ఒక్కో ఎత్తు, తోటలకు పోయే మట్టి దారులు, వానొస్తే గుంతలు, పికప్ ఉన్నవాళ్లకైతే పైన లోడు. అందుకే స్ప్రింగులకు స్పేసర్లు అనే ఎత్తు దిమ్మెలు పెట్టిస్తున్నారు, పొడుగు స్ప్రింగులు వేయిస్తున్నారు, గ్యాస్ షాక్ అబ్జార్బర్లు మారుస్తున్నారు, కమాన్ కట్టలో (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగు) ఇంకో రెండు పట్టీలు ఎక్కిస్తున్నారు. ఆ పని అయ్యాక బండి నేరుగా పోతున్నా స్టీరింగ్ మాత్రం పక్కకు తిరిగి నిలబడితే, మన దగ్గర దానికి చేస్తున్న రిపేరు చూస్తే కడుపు మండుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ఏం జరుగుతుందంటే, ఓనరు బండి తీసుకుని అలైన్‌మెంట్ షాపుకు పోతాడు. "అన్నా, స్టీరింగ్ కుడికి తిరిగి నిలబడుతుంది" అంటాడు. వాళ్లు ముందు రెండు చక్రాలకే మీటర్లు తగిలించి, ముందు చక్రాల దిక్కు సర్దే టై రాడ్లు తిప్పి, స్టీరింగ్ మధ్యలోకి తెచ్చి పంపిస్తారు. స్టీరింగ్ నేరుగా కనిపిస్తుంది కాబట్టి ఓనరు సంతోషంగా పోతాడు. కానీ వెనక యాక్సిల్, అంటే ఇరుసు, వంకరగా ఉంటే అది అట్లనే ఉంది, దానికి తగ్గట్టు ముందు చక్రాలను సర్దారంతే. కొన్నాళ్లకు టైర్లు అరిగిపోయి మళ్లీ వస్తే "టైర్లు పోయినయి, నాలుగు మార్చాలె" అంటారు. కిస్తీలు కట్టుకుంటున్న మనిషికి నాలుగు టైర్ల ఖర్చంటే మాటలా?

లెక్క చాలా సులువు. ఎడ్లబండి ఇరుసు ఒక పక్క కొంచెం వెనక్కి జరిగిందనుకోండి, ఎద్దులు ఎంత నేరుగా నడిచినా బండి అడ్డంగా ఈడ్చుకుంటూనే వస్తుంది. కారులోనూ అంతే. వెనక చక్రాలు ఏ దిక్కు చూస్తుంటే బండి ఆ దిక్కుకే పోతుంది. ఆ దిక్కుకూ బండి నడిమి గీతకూ మధ్య తేడానే థ్రస్ట్ యాంగిల్ అంటారు. అది సున్నా ఉండాలి, లేదా కంపెనీ ఇచ్చిన హద్దులో ఉండాలి. వెనక రెండు చక్రాలనూ కలిపే గట్టి ఇనుప గొట్టం, అంటే హౌసింగ్, ఉన్న బండిలో చక్రాల మధ్య వెడల్పు 1400 మిల్లీమీటర్లు అనుకుంటే, కుడి పక్క 10 మిల్లీమీటర్లు వెనక్కి జరిగితే చాలు, వెనక చక్రాలు రెండూ 0.4 డిగ్రీలు కుడికి చూస్తాయి. అప్పుడు డ్రైవరు ముందు చక్రాలనూ అంతే కుడికి తిప్పి పట్టుకోవాలి. స్టీరింగ్ వీల్ మీదికి వచ్చేసరికి అది 6, 7 డిగ్రీలు అవుతుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం (వీల్‌బేస్) రెండున్నర మీటర్లున్న బండి వెనక భాగం ముందు భాగం కంటే 18 మిల్లీమీటర్ల దాకా పక్కగా నడుస్తుంది. నార్కట్‌పల్లి దాటాక హైవే మీద ఇట్లాంటి బండి వెనక కాసేపు పోతే కంటికే తెలిసిపోతుంది.

మా బావమరిది పికప్ సంగతే చెప్తాను. బత్తాయి లోడు బాటసింగారం మార్కెట్‌కు వేస్తాడు. లోడు ఎక్కువైతే వెనక కూర్చుంటుందని ఒక షాపులో పట్టీలు ఎక్కించాడు. అప్పటి నుంచి స్టీరింగ్ కుడికి. అలైన్‌మెంట్ చేయించాడు, టైర్లు అటువి ఇటు మార్పించాడు, చివరికి స్టీరింగ్ బాక్స్ పోయిందని కూడా ఒకరు చెప్పారట. ఇంటికొచ్చినప్పుడు ఇద్దరం టేపు పట్టి రెండు పక్కలా ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి కొలిచాం. కుడి పక్క సుమారు 12 మిల్లీమీటర్లు ఎక్కువ! కిందికి దూరి లైటు వేసి చూస్తే కట్టను హౌసింగ్‌కు బిగించే యూ బోల్టుల దగ్గర హౌసింగ్ మీద రంగు గీసుకుపోయి ఇనుము కొత్తగా మెరుస్తోంది. కమాన్ కట్టను పట్టి ఉంచే సెంటర్ బోల్టుకు ఒక తలకాయ ఉంటుంది, అది హౌసింగ్ మీది రంధ్రంలో కూర్చోవాలి. యాక్సిల్ ముందుకూ వెనక్కీ జరగకుండా దాని చోటు చూపించేది ఆ తలకాయే. పట్టీలు పెరిగినందుకు పొడుగు బోల్టు వేశారు గానీ దాని తలకాయ చిన్నది. రంధ్రంలో వదులుగా తిరుగుతోంది. యూ బోల్టుల బిగింపు మీదే అన్నాళ్లు నడిచింది, లోడుతో బ్రేకులు కొట్టినప్పుడల్లా కొంచెం కొంచెం జరిగింది. సరైన తలకాయ ఉన్న బోల్టు, కొత్త యూ బోల్టులు వేయిస్తే పోయింది. అంత చిన్న సామాను కోసం స్టీరింగ్ బాక్స్ విప్పబోయారు!

కాబట్టి కమాన్ కట్టలున్న బొలెరో లాంటి బండ్లకు పట్టీలు ఎక్కించినా, కట్ట మార్చినా, ముందుగా చూడాల్సింది సెంటర్ బోల్టు తలకాయ రంధ్రంలో కూర్చుందా లేదా అని. తర్వాత యూ బోల్టులు. కట్ట మందం పెరిగితే పాతవి సరిపోవు. కొత్తవి వేసినా కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక పట్టీలు సర్దుకుని వదులవుతాయి, మళ్లీ బిగించాలి. ఈ మాట షాపువాళ్లు కస్టమరుకు చెప్పి పంపడం నేను చాలా తక్కువ చూశాను.

ఇన్నోవా లాంటి కాయిల్ స్ప్రింగు బండ్ల సంగతి వేరు. వెనక హౌసింగ్ పక్కకు పోకుండా అడ్డంగా ఒక రాడ్డు ఉంటుంది, పాన్‌హార్డ్ రాడ్ అంటారు, ఒక కొన బాడీకి, ఇంకో కొన హౌసింగ్‌కు. బాడీ పైకి లేస్తే ఆ రాడ్డు ఇంకా ఏటవాలు అవుతుంది, దాంతో హౌసింగ్ కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఒక టైరు మడ్‌గార్డుకు దగ్గరగా, రెండోది లోపలికి పోయినట్టు కనిపిస్తే అదే కారణం. కానీ ఇది పక్కకు జరగడమే, తిరగడం కాదు, ఒక్క దీంతోనే స్టీరింగ్ వంకర కాదు. ఎక్కువ జరిగితే పొడవు సర్దుకునే రాడ్డు వేయించుకోవచ్చు. స్టీరింగ్ కూడా వంకరైతే మాత్రం హౌసింగ్ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకునే లింకుల బుష్‌లు, అంటే కొనల్లోని రబ్బరు ముక్కలు, చూడాలి. బండి జాకీ మీద వేలాడుతుండగానే ఆ బోల్టులు ఫుల్‌గా బిగిస్తే బుష్ రబ్బరు వేలాడే కోణంలోనే బిగుసుకుంటుంది, కిందికి దింపగానే మెలి పడి తొందరగా చిరుగుతుంది. బండిని నేల మీద నిలబెట్టి, బరువు పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. ర్యాంపు మీద చక్రాలు ఆనించి అయినా సరే.

స్విఫ్ట్, ఐ20 లాంటి చిన్న కార్లలో వెనక ఒకటే బీమ్ ఉంటుంది. స్పేసర్ పెట్టినంత మాత్రాన అది వంకర పోదు. కానీ పని కోసం బీమ్ దింపి ఎక్కించినప్పుడు బ్రాకెట్టు బోల్టులు కొంచెం పక్కకు కూర్చోవచ్చు, బుష్ చినిగి ఉండవచ్చు, అంతకుముందే ఏ గుంతలోనో బీమ్ వంగి ఉండవచ్చు. "వెనకది అడ్జస్ట్ కాదన్నా, చూసి ఏం లాభం" అంటారు షాపులో. అడ్జస్ట్ కాకపోతే మాత్రం కొలవొద్దా? కొలిస్తేనే కదా బీమ్ మార్చాలో, బుష్ మార్చాలో, బోల్టులు వదులు చేసి మళ్లీ కూర్చోబెట్టాలో తేలేది.

ఇంట్లోనే కొలుచుకోవచ్చు, పెద్ద మెషీన్ అవసరం లేదు. మట్టంగా ఉన్న నేల కావాలి. రైస్ మిల్లు గచ్చు, ఫంక్షన్ హాల్ ముందు సిమెంటు జాగా, ఏదైనా సరే. బండి ఖాళీగా ఉండాలి, నాలుగు టైర్లలో గాలి సరిగ్గా పట్టించి, కొంచెం ముందుకూ వెనక్కూ నడిపి, చక్రాలు నేరుగా పెట్టి ఆపాలి. టేపుతో రెండు పక్కలా చక్రం నడిమి నుంచి చక్రం నడిమికి కొలవండి. తేడా వచ్చిందంటే తప్పు వెనకదే అని అప్పుడే అనుకోవద్దు, గుంతలో పడి ముందు ఆర్మ్ వంగినా ఇదే తేడా వస్తుంది. అందుకే మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండును ఛాసిస్ మీద రెండు పక్కలా ఒకేచోట ఉన్న రంధ్రం నుంచో, కమాన్ ముందు బోల్టు నుంచో నేల మీదికి దించి సున్నంతో గుర్తు పెట్టండి, అట్లనే హౌసింగ్ నుంచి ఇంకో గుర్తు. ఆ రెండు గుర్తుల మధ్య దూరం ఎడమకూ కుడికీ తేడా ఉంటే ఇక అనుమానం లేదు, కదిలింది వెనకదే.

తర్వాత సుతిలి. బండికి రెండు పక్కలా చక్రం నడిమి ఎత్తులో సుతిలి లాగి కట్టాలి. రెండు సుతిళ్ల మధ్య వెడల్పు ముందూ వెనకా ఒకటే ఉండాలి, ముందు హబ్బుల నుంచి, వెనక ఛాసిస్ నుంచి రెండు పక్కలా సమాన దూరంలో ఉండాలి. వెనక చక్రాల నుంచి సమానం చేస్తే లాభం లేదు, మన అనుమానమే వాటి మీద. ఇప్పుడు వెనక రిమ్ము ముందు అంచు నుంచి సుతిలి ఎంత దూరమో, వెనక అంచు నుంచి ఎంత దూరమో స్కేలుతో చూడండి. ముందు అంచు దూరం ఎక్కువుంటే ఆ చక్రం లోపలికి చూస్తున్నట్టు. రెండు చక్రాలూ ఒకే మాదిరిగా కొంచెం లోపలికి ఉంటే యాక్సిల్ నేరుగా ఉన్నట్టే. ఒకటి లోపలికి, ఒకటి బయటికి ఉంటే యాక్సిల్ తిరిగింది. అంచు నుంచి అంచుకు 400 మిల్లీమీటర్లున్న రిమ్ము మీద 1 మిల్లీమీటరు తేడా అంటే 0.14 డిగ్రీలు, కాబట్టి స్కేలు జాగ్రత్తగా చదవాలి. రిమ్ము వంగి ఉందనిపిస్తే చక్రం సగం చుట్టు తిరిగేలా బండిని నెట్టి, సుతిలి మళ్లీ సర్ది ఇంకోసారి చూడండి.

ఇంకో సంగతి, స్టీరింగ్ వంకరగా నిలబడటం వేరు, వదిలేస్తే బండి పక్కకు లాగడం వేరు. లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటుది ఇటు మార్చి చూడండి, లాగే దిక్కు మారితే తప్పు టైరుది. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర వేడి బాగా ఎక్కువుంటే బ్రేకు పట్టేస్తోంది. ఇవి రెండూ చూడకుండా కొత్త సామాను కొనకండి.

నా విన్నపం ముఖ్యంగా అలైన్‌మెంట్ షాపులవాళ్లకు. సస్పెన్షన్ సామాను మార్చి వచ్చిన బండికి ముందు చక్రాలతో సరిపెట్టకండి తమ్మీ, నాలుగింటికీ మీటర్లు తగిలించండి, వెనక టో (చక్రం లోపలికో బయటికో చూడటం), క్యాంబర్ (చక్రం నిలువులో వంపు), థ్రస్ట్ యాంగిల్ ఉన్న కాగితం పనికి ముందుది, తర్వాతది రెండూ కస్టమరు చేతిలో పెట్టండి. ఓనర్లు కూడా ఆ కాగితం అడిగి తీసుకోవాలి, వెనక గడులు ఖాళీగా ఉంటే డబ్బులిచ్చే ముందే నిలదీయాలి. డిండి దాటి మన్ననూరు మీదుగా శ్రీశైలం ఘాట్‌లో వానకు తడిసిన మలుపుల మీద ఇట్లాంటి బండి కుడికి ఒక రకంగా, ఎడమకు ఒక రకంగా తిరుగుతుంది, అందులో పిల్లాజెల్లా ఉంటారు.

ఎత్తు పెంచే ముందు ఇంకొకటి తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఓనరుకు ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. సామాను అమ్మేవాళ్లు ఈ మాట ముందే చెప్పాలి.

ఎడిటర్ గారూ, మీ పత్రికలో బండ్ల గురించి రాసే పేజీలో ఈ సుతిలి కొలత బొమ్మతో సహా ఒకసారి వేయండి. జడ్చర్ల, పాలమూరు వైపు మెకానిక్ షాపుల్లోనూ గోడకు అంటించుకుంటారు. బొమ్మ కావాలంటే నేనే గీసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
నల్లగొండ