నీటికుక్క లేకుండా ఫాఫ్నిర్ కథ ఎలా చెప్తారండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నార్స్ పురాణాల (అంటే నార్వే, ఐస్‌లాండ్ వైపు వాళ్ళ పాత కథల) మీద వేసిన ఫుల్ పేజీ చదివా, అదే సిగుర్డ్ అనే వీరుడు ఫాఫ్నిర్ అనే డ్రాగన్‌ని చంపి శాపం ఉన్న నిధి ఎత్తుకెళ్ళిన కథ. తెలుగు పేపర్లో ఇలాంటి సబ్జెక్ట్‌కి పేజీ మొత్తం ఇచ్చినందుకు ముందుగా థ్యాంక్స్, ఇది తిట్టడానికి రాస్తున్న లెటర్ కాదు (పూర్తిగా కాదు). కానీ చదవడం అయ్యాక ఒక్కటే అడగాలనిపించింది, ఇందులో నీటికుక్క ఏదండీ?

మీ వ్యాసం డ్రాగన్ గుహ దగ్గర మొదలైంది, డ్రాగన్ చచ్చాక ఇంకో రెండు పేరాల్లో అయిపోయింది. నిధికి "పురాతన శాపం" ఉందని రాసి వదిలేశారు. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు ఒక్క ముక్క లేదు. శాపం ఊరికే గాల్లోంచి ఊడిపడదు కదా, ఎవరిదో కడుపు మండితేనే వస్తుంది. ఆ కడుపు మంట ఎక్కడిదో చెప్పకుండా శాపం గురించి ఎంత రాసినా అది బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లాగే ఉంటుంది.

అసలు మొదలు ఇది. ఓడిన్, లోకి, హోనిర్ అని ముగ్గురు దేవుళ్ళు తిరుగుతూ తిరుగుతూ ఒక జలపాతం దగ్గరికొస్తారు. అక్కడ గట్టు మీద ఒక నీటికుక్క సాల్మన్ చేపని తింటూ ఉంటుంది, అదీ కళ్ళు మూసుకుని, ఎందుకంటే తింటున్న కొద్దీ చేప తరిగిపోవడం చూసి తట్టుకోలేదట. వోల్సుంగా సాగా అనే పాత ఐస్‌లాండ్ గాథలో ఉన్న ఈ చిన్న డీటెయిల్ నాకు భలే ఇష్టం, ఆ ఇంటి జబ్బు మొత్తం అందులోనే కనపడిపోతుంది. లోకి ఒక రాయి విసిరాడు, నీటికుక్క చచ్చింది, ఒక్క దెబ్బకి రెండు దొరికాయని మురిసిపోయాడు. ఆ రాత్రి బస కోసం వెళ్ళి ఇదిగో మా వేట అని చూపించారు చూడండి, అది హ్రైద్మార్ అనే వాడి ఇల్లు. చచ్చింది వాడి కొడుకు ఓటర్, పగలంతా నీటికుక్క రూపంలో చేపలు పట్టుకునేవాడు. మిగిలిన ఇద్దరు కొడుకులు ఎవరనుకున్నారు, ఫాఫ్నిర్, రెగిన్.

అంటే మీ డ్రాగన్ పుట్టుకతో డ్రాగన్ కాదండీ. తమ్ముణ్ణి పోగొట్టుకున్న అన్న.

ఆ రోజుల్లో ఐస్‌లాండ్, నార్వే చట్టాల్లో మనిషిని చంపితే పోయినవాడి కుటుంబానికి పరిహారం కట్టి గొడవ సెటిల్ చేసుకోవడం మామూలు విషయం. హ్రైద్మార్ కూడా అదే అడిగాడు, నా కొడుకు చర్మం లోపలంతా బంగారం నింపండి, బయట కూడా ఒక్క వెంట్రుక కనపడకుండా బంగారంతో కప్పండి అని. దేవుళ్ళు తమ సొమ్ము పైసా తీయలేదు. లోకి వెళ్ళి సముద్రపు దేవత రాన్ దగ్గర వల అప్పు తెచ్చి, చేప రూపంలో నీళ్ళలో తిరుగుతున్న అండ్వరి అనే మరుగుజ్జుని పట్టుకుని, ప్రాణం కావాలంటే నీ బంగారం అంతా తే అన్నాడు. వాడు మొత్తం తెచ్చిచ్చి ఒక్క ఉంగరం దాచుకోబోయాడు, అదొక్కటి ఉంటే మళ్ళీ సంపాదించుకుంటానన్నాడు, లోకి అదీ లాక్కున్నాడు. అప్పుడు పడింది శాపం, ఈ సొమ్ము ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ ప్రాణం తీస్తుందని. ఇప్పుడు చెప్పండి, ఆ మరుగుజ్జు చేసిన తప్పేంటి? హత్య చేసింది ఒకడు, పరిహారం కోసం దోపిడీకి గురైంది ఇంకొకడు.

తర్వాత సీన్ ఇంకా బాగుంటుంది. చర్మం నింపారు, పైన కప్పారు, హ్రైద్మార్ వంగి చుట్టూ తిరిగి చూసి ఇదిగో మీసం వెంట్రుక ఒకటి కనపడుతోంది అన్నాడు. ఓడిన్ వేలికున్న ఆ ఉంగరం తీసి దాని మీద పెట్టాల్సొచ్చింది. కొడుకు శవం ముందు నిలబడి మీసం వెంట్రుక లెక్కపెట్టిన తండ్రి అన్నమాట. బయటికొచ్చాక, అంటే తాము సేఫ్ అయ్యాక, లోకి శాపం సంగతి తీరిగ్గా చెప్పాడు. ఫాఫ్నిర్, రెగిన్ మా వాటా ఏది అన్నారు, తండ్రి ఇవ్వనన్నాడు, ఫాఫ్నిర్ నిద్రలో ఉన్న తండ్రిని కత్తితో పొడిచి మొత్తం సొమ్ము పట్టుకుని గ్నితాహైద్ అనే చోటికి పోయి దాని మీద పడుకున్నాడు. పడుకుని పడుకుని పామయ్యాడు. మనకి లంకెబిందెల మీద పాము అనగానే పాము వేరు, సొమ్ము దాచినవాడు వేరు అనిపిస్తుంది కదా, ఇక్కడ రెండూ ఒకటే.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టి చెప్పట్లేదు. 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టర్లుసన్ కవిత్వం నేర్చుకునేవాళ్ళ కోసం ఎడ్డా రాశాడు, అందులో సిగుర్డ్ కథ ఎందుకొస్తుందో తెలుసా, "బంగారాన్ని నీటికుక్క పరిహారం అని ఎందుకంటారు?" అనే ప్రశ్నకి సమాధానంగా వస్తుంది. వాళ్ళ కవులు బంగారాన్ని ఫాఫ్నిర్ పరుపు అంటారు, గ్రానీ మోసిన బరువు అంటారు (గ్రానీ సిగుర్డ్ గుర్రం), కానీ స్నోరి కథ ఎత్తుకున్నది మాత్రం నీటికుక్క దగ్గర. సరే పుస్తకం కాబట్టి చోటుంది అనుకుందాం. మరి స్వీడన్‌లో రామ్సుండ్ దగ్గర బండ మీద చెక్కిన బొమ్మ సంగతేంటి? 1030 ప్రాంతంది, సిగ్రిడ్ అనే ఆవిడ చనిపోయిన హోల్మ్‌గేర్ ఆత్మ కోసం వంతెన కట్టిస్తూ చెక్కించింది. పాము ఒంటి మీదే అక్షరాలు, కింద నుంచి పొడుస్తున్న సిగుర్డ్, బొటనవేలు నోట్లో పెట్టుకున్న సిగుర్డ్, తల తెగి పక్కన సుత్తి, పటకారుతో పడున్న రెగిన్, చెట్టుకి కట్టిన గుర్రం, కొమ్మ మీద పిట్టలు. ఇంత ఇరుకులో కూడా ఒక మూల నీటికుక్క ఉంది. వెయ్యేళ్ళ కింద రాయి మీద ఉలితో చెక్కేవాడు వదల్లేదు, కలర్ ప్రింటింగ్‌లో ఫుల్ పేజీ పెట్టుకుని మీరు వదిలేశారు.

ఇక మీరు వేసిన బొమ్మ. రెక్కలున్న డ్రాగన్, నోట్లోంచి మంట, ఎదురుగా కొమ్ముల హెల్మెట్ పెట్టుకున్న వీరుడు. ఫాఫ్నిర్‌కి రెక్కల్లేవు, మంట కక్కడు, విషం చిమ్ముతాడు, నేల మీద పాకుతూ నీళ్ళు తాగడానికి వెళ్తాడు. మంట కక్కే డ్రాగన్ బేవుల్ఫ్ అనే ఇంగ్లిష్ కావ్యంలో ఉంది, అది వేరే కథ. కొమ్ముల హెల్మెట్ అయితే 19వ శతాబ్దంలో ఒపెరా డ్రెస్సుల వల్ల జనం బుర్రలో పడిపోయిన బొమ్మ, నార్వేలో గెర్ముండ్‌బు దగ్గర 1943లో వైకింగ్ కాలం నాటి హెల్మెట్ దొరికింది, దానికి కొమ్ములూ లేవు ఏమీ లేవు. బొమ్మ చిన్న విషయమే అనొచ్చు గానీ ఇక్కడ కాదు, ఎందుకంటే ఫాఫ్నిర్ పాకడం మీదే ప్లాన్ అంతా నడుస్తుంది. సిగుర్డ్ ఎదురు నిలబడి యుద్ధం చెయ్యలేదు, పాము నీళ్ళకెళ్ళే దారిలో గొయ్యి తవ్వి అందులో దాక్కుని, పైనుంచి పాకేటప్పుడు గ్రామ్ అనే కత్తితో గుండెలో పొడిచాడు. మీ బొమ్మలోలాగా ఎగిరేదైతే గొయ్యెందుకండీ.

"భీకర పోరాటం" అని మీరు రాసిన చోట అసలు కథలో పోరాటం లేదు, మాటలున్నాయి. పొడిచాక ఫాఫ్నిర్ వెంటనే చావడు, నువ్వెవరు అని అడుగుతాడు. సిగుర్డ్ పేరు చెప్పడు, చచ్చేవాడు శత్రువు పేరు పెట్టి శపిస్తే అది తగులుతుందని అప్పటి నమ్మకం అని ఈ కథ ఉన్న పాత రాతప్రతిలోనే వివరణ ఉంది. మరి అంత తెలిసినవాడు రెండు మాటలు కాగానే పేరు, తండ్రి పేరు అన్నీ చెప్పేస్తాడు, కుర్రతనం. ఫాఫ్నిర్ శపించడు, హెచ్చరిస్తాడు, ఈ బంగారం నీ చావు చూస్తుంది వదిలేసి ఇంటికి పో అంటాడు. దానికి సిగుర్డ్ చెప్పే జవాబు సారాంశం ఏంటంటే, ఏదో ఒక రోజు అందరం పోయేవాళ్ళమే, ఆ రోజు దాకా సొమ్ము చేతిలో ఉండాలని ఎవడికుండదు అని. ఈ డైలాగులు తీసేసి పోరాటం పెట్టారు మీరు.

సిగుర్డ్‌ని పంపింది రెగిన్ అని రాశారు, రెగిన్ ఫాఫ్నిర్‌కి సొంత తమ్ముడని రాయలేదు. పెంచి, విరిగిన కత్తి అతికించి ఇచ్చి, అన్నని చంపించి, గుండె కాల్చి పెట్టమని తను పడుకున్నాడు. గుండె ఉడికిందో లేదో చూడబోయి సిగుర్డ్ వేలు కాలింది, నోట్లో పెట్టుకున్నాడు, పిట్టల భాష తెలిసింది, రెగిన్ నిన్ను చంపబోతున్నాడని అవి మాట్లాడుకుంటుంటే విని ముందే వాడి తల నరికాడు. దీంతో హ్రైద్మార్ ఇల్లు ఖాళీ. తండ్రి, ముగ్గురు కొడుకులు, ఒక్క చేప దగ్గర మొదలై.

ఇంకొకటి, డ్రాగన్ రక్తంలో స్నానం, వీపు మీద ఆకు పడిన చోట మాత్రం చర్మం మెత్తగా మిగలడం, ఇవి 1200 ప్రాంతపు జర్మన్ కావ్యంలో సీగ్‌ఫ్రీడ్‌వి (అక్కడ సిగుర్డ్‌కి ఉన్న పేరు). నార్స్ కథ అని హెడ్డింగ్ పెట్టి ఇవి కలపకండి. చుట్టరికం ఉంది, కాదనను. కోడెక్స్ రీజియస్ అనే 1270ల నాటి రాతప్రతి రాసినాయన కూడా ఈ చిక్కు గమనించాడు, కొందరు సిగుర్డ్‌ని బయట చంపారంటారు, కొందరు ఇంట్లో మంచం మీద అంటారు, జర్మన్లు అడవిలో అంటారు అని నోట్ పెట్టాడు. కలిపి ఉడకబెట్టకుండా ఎవరి మాట వాళ్ళదని విడిగా రాశాడు చూడండి. ఆ రాతప్రతిలో ఇప్పుడు 45 ఆకులే ఉన్నాయి, మధ్యలో 8 పోయాయి, పోయింది సరిగ్గా సిగుర్డ్ కథ నడిచే చోట, అందుకే ఆ భాగానికి వోల్సుంగా సాగాయే దిక్కు. 1662లో డెన్మార్క్ రాజుకి వెళ్ళిన ఆ పుస్తకం 1971 ఏప్రిల్ 21న ఓడలో తిరిగి ఐస్‌లాండ్ చేరినప్పుడు రేవు నిండా జనం వచ్చారట.

చివరికి "వీరుడి మరణంతో శాపం తీరిపోయింది" అని ముగించారు. తీరలేదండీ. ఆ ఉంగరం సిగుర్డ్ తను ప్రేమించిన బ్రిన్‌హిల్డ్‌కిచ్చాడు, మరపు మందు తాగి ఆవిణ్ణి మర్చిపోయి గుడ్రున్‌ని చేసుకున్నాడు, బావమరిది గున్నార్‌కి బ్రిన్‌హిల్డ్‌ని కట్టబెట్టడానికి అతని వేషంలో వెళ్ళి ఆవిడ దగ్గర్నుంచి అదే ఉంగరం తీసుకుని గుడ్రున్‌కిచ్చాడు, నది దగ్గర తలలు కడుక్కుంటూ ఇద్దరాడవాళ్ళు మాటా మాటా అనుకున్నప్పుడు గుడ్రున్ ఆ ఉంగరం చూపించింది, అంతే, సిగుర్డ్‌ని మంచంలోనే చంపేశారు, బ్రిన్‌హిల్డ్ అతని చితిలోకే వెళ్ళింది. తిలాపాపం తలా పిడికెడు అంటామే, అలా బంగారం గున్నార్, హోగ్ని అన్నదమ్ముల చేతికొచ్చింది. దాని కోసం గుడ్రున్ రెండో మొగుడు అట్లి వాళ్ళని విందుకి పిలిచాడు (ఈ అట్లి చరిత్రలో 453లో చనిపోయిన హూణుల రాజు అట్టిలా). వాళ్ళు బయల్దేరే ముందే బంగారం రైన్ నదిలో దాచేశారు. ఎక్కడుందో చెప్పమంటే గున్నార్ ముందు మా తమ్ముడి గుండె తెచ్చి చూపించండి అన్నాడు. ఒక బానిస గుండె తెచ్చారు, పళ్ళెంలో వణుకుతోంది, ఇది హోగ్నిది కాదన్నాడు. నిజమైనది తెచ్చాక, వణకట్లేదు, ఇప్పుడా చోటు తెలిసింది నాకొక్కడికే, ఇక రైన్ నదే ఉంచుకుంటుంది అన్నాడు. పాముల గోతిలో పడేశారు, చేతులు కట్టేసి ఉంటే కాలి వేళ్ళతో హార్ప్ వాయించాడు. నార్వేలో హైలెస్టాడ్ అనే పాత చెక్క చర్చి గుమ్మం మీద సిగుర్డ్ కథతో పాటు ఈ సీన్ కూడా చెక్కారు, ఆ చెక్కలు ఇప్పుడు ఓస్లో మ్యూజియంలో ఉన్నాయి.

"వచ్చే వారం మరో నార్స్ గాథ" అని కింద వేశారు కాబట్టి నాదో రిక్వెస్ట్. మరో గాథ తర్వాత, ముందు ఇదే పూర్తి చెయ్యండి, నీటికుక్క నుంచి రైన్ నది దాకా. బొమ్మ కోసం కంప్యూటర్‌తో డ్రాగన్ గీయించక్కర్లేదు, రామ్సుండ్ బండ ఫొటో వేస్తే చాలు. క్యాప్షన్‌లో మూలనున్న ఆ చిన్న జంతువు ఏంటో రాయండి, చాలామంది అది కుక్కనుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు